ముక్కులు మూసుకోండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేటకు తరలివచ్చిన రోజుల్లో, పాత పికప్ బండి వెనక మాకు ఇడ్లీలు పెట్టిన ఒకావిడ ఉండేది. పేరు ఎవరికీ తెలియదు, అక్కా అనేవాళ్లం. కానిస్టేబుల్ బండి తీయమన్నప్పుడల్లా, తాళం తిప్పే ముందు "ముక్కులు మూసుకోండి బాబూ," అనేది. సైలెన్సర్ గొట్టం ఫుట్‌పాత్ వైపు ఉండేది మరి. పొగంతా మా ప్లేట్ల మీదికే వచ్చేది.

ఒక ఆదివారం బండిని సనత్‌నగర్ షెడ్డుకు తీసుకెళ్లింది. దారి చూపించడానికి నేనూ వెళ్లాను. గొట్టం కోసి, రోడ్డు వైపు తిప్పి వెల్డింగ్ చేయమంది.

"కంపెనీ గట్లనే ఇచ్చిందక్కా. మారిస్తే పోలీసోళ్లు ఊకోరు," అన్నాడు మెకానిక్.

"కంపెనీవాళ్లు నా బండి వెనక నిలబడి తిన్నారా ఏంటి? కొయ్యి."

మర్నాడు కానిస్టేబుల్ రోడ్డు మీద నిలబడి కొత్త గొట్టాన్ని లాఠీతో తట్టాడు. "ఎవర్నడిగి మార్చినవ్?"

"తినేవాళ్లని అడిగాను."

"నోరు మస్తు లేస్తుంది నీకు. బండి తియ్."

ఆవిడ చేతులు కడుక్కుని నింపాదిగా సీట్లో కూర్చుంది. మేం అలవాటుగా ముక్కులు మూసుకున్నాం. మావైపు చూడనేలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ముక్కు మూసుకోండి సార్," అని తాళం తిప్పింది.