తడి గోడ మీద కాగితం

బైండరుకు ఇల్లు అమ్మిన పెద్దమనిషి, తడి గోడ మీద కాగితం అంటించి, దాని మీద రంగు పూసి మరీ అమ్మాడు. ఇంకొకరిని అలా మోసం చేసి ఉంటే అందులో పెద్ద వింతేమీ లేదు. ఇళ్ళ అమ్మకాల్లో అలాంటివి కొల్లలు. కానీ ముప్పై ఏళ్ళుగా కాగితం, జిగురు తప్ప వేరే లోకం ఎరగని మనిషిని కాగితంతో, జిగురుతోనే బోల్తా కొట్టించడం మామూలు విద్య కాదు. ఆ విద్య తెలిసినవాడు ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు.

బైండరు పని తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. లైబ్రరీలో వీపు ఊడిన పుస్తకాలు, ఆఫీసుల్లో పేజీలు రాలిపోతున్న రిజిస్టర్లు సంచుల్లో పడి ఆయన దగ్గరికి వస్తాయి, కొత్త అట్టలు తొడుక్కుని బుద్ధిగా తిరిగి వెళతాయి. ఇన్ని పుస్తకాలకు ఇల్లు కట్టిన మనిషి తను మాత్రం ఇరవై రెండేళ్ళు అద్దె ఇళ్ళలోనే ఉన్నాడు. ఏడు ఇళ్ళు మారాడు. ఏ ఇంట్లో దిగినా యజమాని చెప్పే మొదటి మాట ఒకటే: గోడలకు మేకులు కొట్టకూడదు. అందుకని ఆ ఇంట్లో ఫొటోలు నేల మీద గోడకు చేరగిలబడి ఉండేవి. క్యాలెండరు తలుపు గొళ్ళేనికి వేలాడేది. గడియారం ఇరవై రెండేళ్ళూ బల్ల మీద కూర్చునే టైము చెప్పింది.

"సొంత ఇల్లంటే ఏముందండీ," అనేది ఆయన భార్య, "నాకు నచ్చిన చోట ఒక మేకు కొట్టుకోవడమే."

ఇల్లు చూడడానికి వెళ్ళిన రోజు మాస్టారే దగ్గరుండి గదులన్నీ చూపించారు. వెనక గది చూడగానే బైండరు మనసు అక్కడే ఆగిపోయింది. కిటికీలోంచి మంచి వెలుతురు. కోత బల్ల ఒక పక్క, కుట్టు చట్రం ఒక పక్క పట్టే జాగా. స్నానాల గదికీ దీనికీ మధ్య ఉన్న గోడను ఆయన అరచేత్తో తడిమి చూశాడు.

"గోడ ఎంత నున్నగా ఉంది మాస్టారూ!" అన్నాడు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, కండువాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

ఆ గోడకు స్విచ్చుల పక్కన చేతులు తగిలి తగిలి నల్లబడిన మరక ఒకటి ఉంది. ఇంట్లో దిగిన రోజే బైండరు భార్య సబ్బు నీళ్ళు పెట్టి దాన్ని రుద్దింది. మరక పోలేదు. "పాత మరక, వదిలెయ్యి, అదీ ఇంటితో పాటే వచ్చింది," అన్నాడు బైండరు. అది మరక కాదు. కుంచెతో వేసిన బొమ్మ. కొత్తగా రంగు వేసిన చోట గోడ మరీ కొత్తగా కనపడితే అనుమానం వస్తుందని, ఏళ్ళ తరబడి చేతులు తగిలినట్టుగా మాస్టారు ఓపిగ్గా చిత్రించిన మురికి. బడిలో పిల్లలకు మామిడిపండూ కుండా వేయడం నేర్పి రిటైరైన మనిషిలో అంత పనితనం ఉందని ఎవరనుకుంటారు?

కొత్త ఇంట్లో మొదటి వారం నుంచే వెనక గదిలో ఒక పులిసిన వాసన పట్టుకుంది. బైండరు ఇంట్లో అలాంటి వాసన కొత్త కాదు. మైదా జిగురు రెండు రోజులు నిలవుంటే అలాగే కొడుతుంది.

"మీ జిగురు చెడిపోయింది," అంది భార్య.

ఆయన జిగురు పారబోసి కొత్తది కాచాడు. వాసన పోలేదు. పురుగు పట్టకుండా జిగురులో కలిపే మైలుతుత్తం ఇంకో చిటికెడు ఎక్కువ వేశాడు. వాసన పోలేదు. మైదా కొనే దుకాణం మార్చాడు. గిన్నె మార్చాడు. చివరికి గిన్నెను వరండాలోకి మార్చి, తనూ అక్కడే కూర్చుని పని చేశాడు. అయినా గదిలో వాసన గదిలోనే ఉంది. వేరే ఏ పనివాడైనా మొదటి రోజే గోడను అనుమానించేవాడు. ఈయన మాత్రం ఐదు నెలల పాటు తన జిగురునే అనుమానించాడు. గోడ లోపల కూడా జిగురే ఉందని ఆయన ముక్కుకు తెలిసింది, బుర్రకు అందలేదు.

తర్వాత ఆ గోడకు ఆనించి పేర్చిన అట్టలు వంకర్లు తిరిగాయి. అడుగున ఉన్నవాటికి నల్లగా బూజు పట్టింది. లైబ్రరీ వాళ్ళిచ్చిన పుస్తకాలు పక్కనే ఉన్నాయి. పని ఆపేసి, అట్టలన్నీ ముందు గదిలోకి చేరవేశాడు. గోడ ఖాళీ అయింది.

ఐదు నెలలుగా ఆ ఖాళీ కోసమే ఎదురుచూస్తున్న ఆవిడ, గడియారం, సుత్తి, మేకు పట్టుకుని వచ్చింది.

"ఇప్పుడెందుకే?"

"ఎప్పుడండీ మరి? అట్టలు ఎండేదాకా ఆగాలా?"

ఒక్క దెబ్బ వేసింది. టక్కుమనాల్సిన మేకు డప్పు మీద కొట్టినట్టు 'డుబ్' అంది. రెండో దెబ్బకు తల దాకా లోపలికి వెళ్ళి మాయమైపోయింది. ఇరవై రెండేళ్ళు దాచుకున్న మొదటి మేకు. ఆవిడ సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమండీ, మన గోడ నా మేకును మింగేసింది."

బైండరు దగ్గరికి వచ్చి, ఆ కన్నం అంచును గోటితో తడిమాడు. పొర లేచింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపాడు. రంగు కింద దళసరి డ్రాయింగు షీటు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వేళ్ళకు తెలుసు. మోసపోయినవాడికి ముందుగా కోపం రాదు, సిగ్గొస్తుంది. మోసం చేసినవాడు ఎక్కడో హాయిగా పేపరు చదువుకుంటూ ఉంటాడు.

ఆవిడ కాగితాన్ని పట్టుకుని బరబరా లాగబోయింది.

"ఆగు, చింపకు," అన్నాడాయన.

తడిపిన గుడ్డ అద్దుతూ, పుస్తకాల మడతలు నొక్కే ఎముక బద్దను అంచుల కిందికి పోనిచ్చి, అంగుళం అంగుళం లేపాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు మూడడుగుల షీటు, మరకతో సహా, మేకు కన్నం తప్ప ఇంకో చిరుగు లేకుండా ఊడి వచ్చింది. వెనకాల సున్నం పొడిపొడిగా రాలింది. లోపల నీళ్ళ గొట్టం, దాని అతుకుకు చుట్టిన పాత గుడ్డ, ఆ గుడ్డ కొసన బొట్లు బొట్లుగా నీళ్ళు. కింద ఇటుకల మధ్య ఆవిడ మేకు.

ఆయన షీటు వెనక్కి తిప్పాడు. ఒక మూలన పెన్సిలుతో పొందికగా పొట్టి సంతకం, కింద తేదీ. పెన్సిలు రాత తడికి చెరగదు. వాళ్ళు ఇల్లు చూడడానికి వెళ్ళిన దానికి ముందు రోజు తేదీ అది. డ్రాయింగు మాస్టారు కదా. ఏ షీటు తీసినా ముందు మూలన పేరూ తేదీ వేయాలని ముప్పై ఏళ్ళు పిల్లలతో మొత్తుకున్న మనిషి. గోడ మీద దొంగతనంగా అంటించే షీటుకు కూడా చేయి దాని పని అది చేసేసింది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. అతను దస్తావేజులు రాసే లేఖరి. ఈ ఇంటి కాగితాలు రాసింది కూడా అతనే.

"బావా, దస్తావేజులో నాలుగో పేజీ చదివావా?"

బైండరు తల గోక్కున్నాడు. చదవలేదు. రిజిస్ట్రేషను అయి ఇంటికి రాగానే ఆ కాగితాలను మంచి దారంతో కుట్టి, నీలం గుడ్డ అంటించిన అట్ట వేశాడు. అంతే.

"అక్కా, చూశావా! వేల పుస్తకాలు కుట్టాడు మా బావ. సొంతింటి కాగితం కూడా కుట్టాడు గానీ చదవలేదు."

"చదివితే చెడిపోతాననుకున్నారేమోరా," అంది అక్క.

నాలుగో పేజీలో ఉంది: అమ్మినవారు తమకు తెలిసిన లోపాలన్నీ కొన్నవారికి చెప్పాలి. చెప్పకుండా దాచినది తాళాలు ఇచ్చిన నాటి నుంచి ఆరు నెలల్లోగా బయటపడితే, అమ్మినవారే బాగుచేయించి ఇవ్వాలి. తాళాలు ఇచ్చి ఆరు నెలలు నిండడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"తనకు తెలియదంటారు ఎవరైనా. ఈయన అనలేడు. సంతకం, తేదీ ఉన్నాయి," అన్నాడు లేఖరి. "రేపే నోటీసు రాస్తాను. కానీ బావా, ఆ షీటు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు. మనకున్న ఆధారం అదొక్కటే."

"ముందు ఒకసారి అడిగి చూస్తాను," అన్నాడు బైండరు.

"మీరా! అడగడమా!" అంది భార్య. "మీ కాలు తొక్కినవాడికి మీరే సారీ చెబుతారు."

ఆవిడన్నది నిజమే. మూడు రోజులు ఆయన అడగడం గురించే ఆలోచించాడు. ఇల్లు తన పేర మారాక గోడ కూడా తనదే కదా, దాని తడికి ఇంకొకరిని ఎలా అడగడం? మాస్టారు కాదంటే? నీకు కళ్ళు లేవా అంటే? దానికేం జవాబు చెప్పాలి? అట్ట వేసిన దస్తావేజు తీసి నాలుగో పేజీ నాలుగుసార్లు చదివాడు. అక్షరాలు తన పక్షానే ఉన్నాయి. అయినా కాళ్ళు కదలలేదు. మర్యాదస్తులకు న్యాయం తమ వైపు ఉన్నప్పుడే ఎక్కువ భయం. ఇటు గోడ కారుతూనే ఉంది. కింద పెట్టిన గిన్నె రోజుకు రెండుసార్లు నిండుతోంది. లైబ్రరీ పుస్తకాలు ముందు గదిలో మంచాల మీద పడుకుంటే, మొగుడూ పెళ్ళాం వరండాలో పడుకుంటున్నారు.

నాలుగో రోజు పొద్దున్నే షీటును గొట్టంలా చుట్టి, చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

మాస్టారు ఇప్పుడు కూతురి ఇంట్లో మేడ మీద గదిలో ఉంటున్నారు. బైండరును చూడగానే కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. షీటు విప్పి బల్ల మీద పరిచాడు. మాస్టారు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఇల్లు చూసుకునే కదా కొన్నారు," అన్నారు చివరికి.

"చూశాను మాస్టారూ. మీరు చూపించింది చూశాను."

మాస్టారు షీటు వెనక్కి తిప్పి, మూలన తేదీ చూసుకున్నారు. ఆయన ముఖంలో ఏదో చిన్న నవ్వు వచ్చి పోయింది.

"ఛీ. వేశానన్న సంగతే గుర్తు లేదు," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "బాగుచేయిద్దామనే అనుకున్నానండీ. మేస్త్రీ ఇదిగో అదిగో అంటూ తిప్పాడు. మీరు చూడ్డానికి వచ్చే రోజు దగ్గర పడింది. ఆ ఒక్క పూటకీ కనపడకపోతే చాలు, తర్వాత చెబుదాంలే అనుకున్నా. మీరొచ్చారు. చేత్తో తడిమారు. నున్నగా ఉందన్నారు."

"అన్నాను."

"మీరు బైండరని అప్పటికే తెలుసు నాకు. కాగితం తెలిసిన మనిషి కూడా కనిపెట్టలేకపోయాడే అని... ఏం చెప్పను? సంతోషం వేసింది. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు." తలుపు వైపు చూసి, "ఇది ఇంకెవరికైనా చూపించారా? మా అమ్మాయికి తెలిస్తే..." అన్నారు.

"మా ఆవిడకు తెలుసు. మా బావమరిదికి తెలుసు. మన దస్తావేజు రాసింది వాడే," అన్నాడు బైండరు. "నాలుగో పేజీలో ఉంది మాస్టారూ. మీకు తెలిసి దాచింది మీరే బాగుచేయించాలి. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి."

"చేయిస్తాను. ఆ షీటు ఇచ్చి వెళ్ళండి."

బైండరు షీటును మళ్ళీ గొట్టంలా చుట్టాడు.

"ముందు గోడ," అన్నాడు. ఆ రెండు మాటలూ తన నోట్లోంచే వచ్చాయని మెట్లు దిగి వీధిలోకి వచ్చేదాకా ఆయనకు నమ్మకం కుదరలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. వెనకాలే మాస్టారు కూడా వచ్చి, నాలుగు రోజులు తన పాత ఇంట్లో స్టూలు వేసుకుని కూర్చున్నారు. గొట్టం మార్పించారు. పొడిబారిన సున్నమంతా ఇటుక కనపడేదాకా గీకించి, ఆరనిచ్చి, కొత్త పూత వేయించారు. బైండరు భార్య మొదటి రోజు ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. రెండో రోజు ఇచ్చింది. మూడో రోజు, "రంగు కూడా మీరే వేస్తారా మాస్టారూ? మరకలు అక్కర్లేదు," అంది. మేస్త్రీకి అర్థం కాలేదు. మాస్టారు తల వంచుకుని నవ్వారు. గడువుకు మూడు రోజుల ముందే పని పూర్తయింది. వాసన పోయింది. ఆవిడ మేకు తిన్నగా దిగి, టక్కుమంది. గడియారం బల్ల దిగి గోడెక్కింది.

గడువు దాటిన మర్నాడు బైండరు షీటు పట్టుకుని మళ్ళీ ఆ మేడ ఎక్కాడు. "ఎందుకు బావా ఇవ్వడం? ఉంచుకో, రేపు ఇంకేదైనా బయటపడితే పనికొస్తుంది," అన్నాడు లేఖరి. ఆయన వినలేదు. పుస్తకాలు కుట్టేవాడు చేతికొచ్చిన కాగితం ఎవరిదో వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క పేజీ కూడా ఆయన ఇంట్లో ఉండిపోలేదు.

ఇద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. మాస్టారు ఆ నెల్లోనే కూతురి కుటుంబంతో వేరే ఊరు వెళ్ళిపోయారు.

ఆ రోజు మాస్టారు షీటు విప్పి చూశారు. వెనకాల పలచని గుడ్డ అంటించి ఉంది. మూలన తేదీ ఉన్నంత మేర గుడ్డ కత్తిరించి వదిలేసి ఉంది. ముందు వైపు తన గోడ, తన మరక ఉన్నాయి. మేకు దిగిన జాడ మాత్రం ఎక్కడా లేదు. వేలితో తడిమారు. వెలుతురుకు ఎత్తి చూశారు. కనపడలేదు.

బైండరు దగ్గరికి వచ్చి, షీటు మధ్యలో ఒక చోట వేలు పెట్టాడు.

"ఇక్కడ మేకు కన్నం ఉండేది మాస్టారూ. కాగితం గుజ్జు పెట్టి పూడ్చాను. ఎంత చూసినా కనపడదు. అందుకే చెబుతున్నాను."