ఒక్క అక్షరం దుబాసీ

దుబాసీ అప్పాజీకి ఏడు భాషలు వచ్చని యానాంలో అందరూ చెప్పుకునేవారు. పరీక్షించి చూసినవాళ్ళు మాత్రం లేరు.

సాయంత్రమయ్యేసరికి ఓడల వర్తకుడి కొట్టు అరుగు మీద కూర్చుని, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒక్క అక్షరం మీద గంటసేపు మాట్లాడేవాడు. ఆ అక్షరం ‘మా’.

“మనం ‘మా’ అంటే మనకున్నదని చెప్పుకోవడం. మా ఇల్లు, మా పొలం. సాయిబులకు ‘మా’ అంటే కన్నతల్లి. శాస్త్రుల్లుగారి సంస్కృతంలో ‘మా’ అంటే వద్దు, కూడదు. అరబ్బు ఓడ సరంగు ‘మా’ అన్నాడంటే దాహమేస్తోందని; నీళ్ళ ముంత అందించాలి. ఫ్రెంచివాడి ‘మా’కి నాది అని అర్థం. చీనావాడి ‘మా’ మీద ఎక్కి స్వారీ చెయ్యొచ్చు, అది గుర్రం!”

“అబ్బో, ఒక్క అక్షరంలో ఇంతుందాండీ!” అనేవారు చుట్టూ చేరినవాళ్ళు.

“దీంట్లోనే ఇంతుంటే తక్కినవాటి సంగతి మీరే ఆలోచించుకోండి” అని అప్పాజీ చుట్ట ముట్టించేవాడు. తక్కినవాటి సంగతి ఎవరూ అడగలేదు. ఆయన అదృష్టమంతా అక్కడే ఉంది.

చెప్పిన దాంట్లో తప్పు లేదు. పెదవులు మూసి తెరిస్తే వచ్చే చప్పుడు అన్ని దేశాల్లోనూ ఒకటే. ఒక్కో జాతి దాన్ని తన ఇంట్లో ఒక్కో పనికి పెట్టుకుంది. తల్లిని పిలవడానికి ఒకరు, పిల్లవాణ్ణి వారించడానికి ఇంకొకరు. దీని గురించి నిజంగా ఆలోచించే మనిషికైతే రాత్రిళ్ళు నిద్ర పట్టదు. అప్పాజీ హాయిగా నిద్రపోయేవాడు. ఆయన ఆ అర్థాలను పోగుచేశాడే కాని, వాటిలో ఏ ఒక్క భాషలోనూ దారి అడిగి ఇల్లు చేరలేడు.

ఆ పోగు వేసింది ధవళేశ్వరంలో. ఆనకట్ట కడుతున్న రోజుల్లో అక్కడ సున్నం పడవల దగ్గర మనుషులను కేకేసే పని చేశాడు. నాలుగు దేశాలవాళ్ళు చేరిన చోటు. మిగతావాళ్ళు అక్కడ రాళ్ళు పేర్చడం, లాకులు బిగించడం నేర్చుకుని బాగుపడ్డారు. అప్పాజీ ఒక్క అక్షరం నేర్చుకుని బాగుపడ్డాడు. ఆనకట్ట పూర్తి కాగానే దాన్ని మూటగట్టుకుని యానాం వచ్చి, ఆ వర్తకుడి దగ్గర దుబాసీగా కుదిరాడు.

వర్తకుడి వ్యాపారం మనుషులు. చెరకు దీవుల తోటలకు కూలీలను ఓడలెక్కించేవాడు. ఎక్కించే ముందు ఓడ డాక్టరు, ఒక ఫ్రెంచి దొర, కొట్టు వెనక పాకలో వాళ్ళను చూసేవాడు. పళ్ళు చూసి, కళ్ళు చూసి, ‘ఇష్టపడే వెళ్తున్నారా’ అని అడగాలి. ఇష్టం లేదన్నవాణ్ణి వదిలెయ్యాలి. ఔనన్నవాడి మెడలో రేకు బిళ్ళ వేస్తారు. బిళ్ళ పడ్డాక ఇక వెనక్కి రావడం లేదు.

ఒక్కొక్కరినీ అడిగితే పొద్దుపోతుందని పదేసి మందిని వరసగా నిలబెట్టేవారు. వరసకు ముందు, పల్లెల్లో కూలీలను పోగుచేసే మేస్త్రీ తాలూకు మనిషి ఒకడు ఉండేవాడు. అప్పాజీ వాడినొక్కణ్ణే అడుగుతాడు. వాడు “చిత్తం” అంటాడు. అప్పాజీ డాక్టరు వైపు తిరిగి ఫ్రెంచిలో ‘అందరూ ఇష్టపడ్డారు దొరా’ అంటాడు. పన్నెండేళ్ళలో ఆయన నేర్చుకున్న ఫ్రెంచి వాక్యం అదొక్కటే. ‘ఇతడికి ఇష్టం లేదు’ అనే వాక్యం ఆయనకు రాదు. ఆ కొట్టులో దానితో ఎవరికీ అవసరం పడలేదు.

పద్దెనిమిదివందల అరవై నాలుగులో ఆ అవసరం లోవమ్మకు పడింది. ఏటి మొగ దగ్గరి పల్లెలో చేపలమ్ముకునే మనిషి. ఆమె మొగుడు సత్తియ్య అన్నదమ్ములతో వల దగ్గర పోట్లాడి, యానాం వచ్చి తాగి, ఆ మత్తులో మేస్త్రీకి సరేనన్నాడు. తెల్లారి మత్తు దిగేసరికి పాకలో ఉన్నాడు, పాక చుట్టూ కాపలా ఉంది. కబురు తెలిసి లోవమ్మ తెల్లవారకుండా బయలుదేరి, ఒక పండుగప్పను తట్టలో పెట్టుకుని అప్పాజీ గుమ్మం ముందు నిలబడింది.

“బాబూ, తవరికి అన్ని బాసలూ వచ్చంట గదండీ. మా ఆయన ఓడెక్కనంటన్నాడండి. అదొక్క ముక్కా ఆ దొర సెవినెయ్యండి.”

అప్పాజీ ముందు చేపను లోపలికి పంపాడు. తరవాత అన్నాడు, “ఇప్పుడు నువ్వు ‘మా ఆయన’ అన్నావు చూశావా. ఆ ‘మా’ ఉందే, అదే సాయిబులైతే…”

“ఏ సాయిబులూ ఒద్దండి. ఆయన మావోడే. ఓడెక్కడు. అది సెప్పండి సాలు.”

“చెప్తానే! దొర నా మాట జవదాటడు.”

“ఏమని సెప్తారో ఓసారి నాకినిపించండి బాబూ.”

“నీకేం అర్థమవుతుందే, ఫ్రెంచి భాష!” అన్నాడు అప్పాజీ. ఆయన జీవితంలో గుట్టు పట్టుకోవడానికి అంత దగ్గరగా వచ్చిన మనిషి మరొకరు లేరు. ఆమె చదువులేని మనిషి కాబట్టి తప్పించుకున్నాడు.

ఆ పూటే డాక్టరు వచ్చాడు. సత్తియ్య మూడో వరసలో నాలుగోవాడు. పాక ముందు అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల లోవమ్మతో పాటు ఊళ్ళోవాళ్ళు పాతికమంది గుమిగూడారు. అప్పాజీ ఉత్తరీయం సర్దుకుని మూడో వరస ముందున్నవాణ్ణి అడిగాడు. వాడు “చిత్తం” అన్నాడు.

“నాకు సిత్తం లేదండి!” అని అరిచాడు సత్తియ్య. “నేన్రాను. తాగి ఒప్పుకున్నాను. రానండి దొరా, రాను!”

డాక్టరు చేతిలో రేకు బిళ్ళ ఆగింది. వాడేమంటున్నాడని అప్పాజీని అడిగాడు. ఫ్రెంచి రానివాళ్ళకు కూడా ఆ ప్రశ్న అర్థమైంది.

అక్కడ వాక్యంతో పనే లేదు. సత్తియ్యను చూపించి, ఓడ వైపు చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపితే చాలు. నోరు లేనివాడైనా ఆ పని చేసి ఒక మనిషిని ఇంటికి పంపేవాడు. కాని పాతికమంది చూస్తున్నారు. ఏడు భాషల అప్పాజీ మూగవాడిలా చేతులూపాడని సాయంత్రానికి అరుగంతా పాకుతుంది. ఆయన చేతులు ఉత్తరీయంలోంచి బయటికి రాలేదు. గొంతు సవరించుకుని, తనకు వచ్చిన వాక్యాన్నే, మామూలుకంటే కొంచెం గంభీరంగా, చెప్పాడు.

డాక్టరు భుజాలెగరేసి బిళ్ళ వేశాడు.

“సెప్పారా బాబూ?” అంది లోవమ్మ తాడు పట్టుకుని.

“చెప్పాను. దొర వినలేదు” అన్నాడు అప్పాజీ. ఇది మాత్రం స్వచ్ఛమైన తెలుగులో తడుముకోకుండా వచ్చింది.

లోవమ్మ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. గబగబా రేవుకు నడిచింది. ఓడ సముద్రంలో దూరంగా లంగరేసి ఉంది. కూలీలను అక్కడికి చేర్చవలసింది పడవల మీద. ఆ పడవలు తోసేవాళ్ళు ఆమె కులంవాళ్ళు. వాళ్ళకు ఆమె ఏం చెప్పిందో పల్లెలో ఈనాటికీ బయటపెట్టరు. ఎంత చెప్పిందో రేవులోవాళ్ళు చూశారు. నాలుగు మాటలు, అంతే.

మూడో వరస ఎక్కిన పడవ మడ అడవి పక్కకు వచ్చేసరికి ఎందుకో ఒరిగింది. సత్తియ్య నీళ్ళలో పడ్డాడు. కాపలావాడు అరిచాడు. పడవవాళ్ళు అంతకంటే గట్టిగా అరిచారు, గెడలు మాత్రం బురదలో ఇరుక్కుపోయాయన్నారు. మడ చెట్ల వేళ్ళలో దూరిన పల్లెవాణ్ణి ఏ దొర పట్టుకోగలడు! ఆ పడవలోంచి ఓడకు తొమ్మిదిమందే చేరారు.

మర్నాడు ఓడ కప్తాను కొట్టుకు వచ్చి బల్ల గుద్దాడు. ఇష్టపడి వచ్చినవాడు నీళ్ళలోకి ఎందుకు దూకాడని అప్పాజీని నిలదీశాడు. ఫ్రెంచిలో చాలా సేపు, చాలా మాటలతో అడిగాడు. అప్పాజీ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. కప్తాను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వినయంగా జవాబిచ్చాడు: అందరూ ఇష్టపడ్డారు దొరా.

కప్తాను మళ్ళీ అడిగాడు. అప్పాజీ మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారికి కప్తాను అరవడం మానేసి, ఈ మనిషికి తన మాట ఒక్కటీ అర్థం కావడం లేదని వర్తకుడికి చేతి సైగలతో నెమ్మదిగా చెప్పాడు. ఆ పూటతో అప్పాజీ దుబాసీ పని పోయింది.

లోవమ్మ ఆ వారం నుంచి యానాం సంత మానేసి కోరింగ సంతలో చేపలమ్మింది. సత్తియ్య నెల్లాళ్ళు మడలోనే తలదాచుకుని, ఓడ వెళ్ళిపోయాక అన్నదమ్ముల వల దగ్గరికి వచ్చాడు.

అప్పాజీ రాజమండ్రి చేరాడు. ఫ్రెంచి వచ్చినవాడు ఎవడూ ఎదురుపడడని వాకబు చేసుకున్న తరవాతే ఇల్లు అద్దెకు తీసుకుని, గుమ్మానికి ఫ్రెంచి పాఠశాల అని బోర్డు కట్టాడు. మొదటి నెలలోనే పదకొండుమంది చేరారు.