పేరు చివరి గాలి

నా తొమ్మిదో ఏట చలిజ్వరం నన్ను నెలల తరబడి వదల్లేదు. మాది ఆదిలాబాద్ జిల్లాలో అడవి పక్క ఊరు. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. బాపు కట్టె కోతకు అడవిలో ఉంటే, మేం అవ్వ అని పిలిచే అమ్మే నన్ను ఎడ్లబండిలో తాలూకా దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టర్ సాబ్ నా ఎడమ పక్కటెముకల కింద నొక్కి చూసి, కంపౌండర్‌తో ఒకే మాట అన్నాడు.

"స్ప్లీనోమెగాలి."

అవ్వకు చదువు రాదు. అంత పొడుగు మాటలో ఆమె చెవికి చిక్కింది చివరి ముక్క ఒక్కటే. ముఖం పాలిపోయింది.

"నేను ముందుగాలనే అనుకున్న, పిల్లకు గాలి సోకిందని. గిప్పుడు డాక్టర్ సాబే చెప్పిండు. గాలికి గోలీలెందుకు? మంత్రగాని తానకు పోదాం పా బిడ్డా" అని నన్ను చంకనేసుకుంది.

అవ్వది ఉడుంపట్టు. ఆ రోజు అలాగే పోయుంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. కంపౌండర్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"జర ఆగు చెల్లె. గది గాలి గాదు. మాటను రెండు ముక్కలు చెయ్యి. స్ప్లీనో అంటే కడుపుల ఎడమ దిక్కుండే బల్ల, ప్లీహం. మెగాలి అంటే పెద్దగైంది. గంతే, ఫికర్ చెయ్యకు."

"బల్లనా! మా మేనత్తకు గూడ పెరిగుండె. మరి పేర్ల గాలెందుకు పెట్టిండ్రన్నా?"

ఆయన అవ్వ చేయి నా పొట్ట మీద పెట్టించి, ఎముక కింద గట్టిగా తగిలేది నాలుగు వేళ్ల వెడల్పుందని చూపించాడు.

"గోలీలు మింగిస్తే వేళ్లు తగ్గుతయి. తగ్గకుంటే మంత్రగాని తానకు నేనే బండి కట్టిస్త."

ఇక మొదలైంది నా గోస. ఆ చేదు పగవాళ్లకు కూడా వద్దు. ఉమ్మేస్తే ఇంకో గోలీ సిద్ధంగా ఉండేది. రోజూ పొద్దున్నే అవ్వ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, వేళ్లు ఆనించి, "ఇస్ప్లీనో... మె..." అని అక్కడితో నోరు మూసుకునేది. మిగతాది పలికితే అది నిజంగానే వస్తుందని భయం. "పూర్తిగ అనవ్వా" అని ఏడిపిస్తే మొట్టికాయ పడేది.

నాలుగు వేళ్లు మూడయ్యాయి, రెండయ్యాయి. రెండు దగ్గర చాలా రోజులు ఆగింది. ఆ రోజుల్లో అవ్వ సరిగా తిననే లేదని తర్వాత తెలిసింది.

ఒక పొద్దున ఆమె వేళ్లు ఎముక కింద వెతికాయి. మళ్లీ వెతికాయి. మెత్తటి కడుపు తప్ప ఏమీ తగల్లేదు. తర్వాత వాకిట్లోకి పోయి, అడవి వైపు తిరిగి, వాడకట్టంతా వినేలా అరిచింది.

"ఇస్ప్లీనోమెగాలీ! ఇగ రాకు, పో!"

లోపలికొచ్చి నా పొట్ట మీద ముఖం పెట్టి ఏడ్చింది.