బావ తాగేసిన కరెంటు

కట్టుకున్న పెళ్లాం అన్నను మామిడికాయల మండీలో కాటా ఎక్కించి తూకం వేసిన మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. కృష్ణగిరి జిల్లా మొత్తానికీ అలాంటివాడు ఒక్కడే, వాడే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. ఆ ఒక్క తూకంతో నా కూతురి చెవులు కుట్టే పని ఆగిపోబోయింది, నా సంసారం రోడ్డున పడబోయింది. ఇంతకీ ఎందుకు తూచాననుకున్నారు? రోజుకు ముప్పై రూపాయల కోసం. తిట్టడానికి తొందరపడకండి, మొదటినుంచీ చెబుతాను, చివర్లో కలిపి తిట్టవచ్చు.

అనుమానించడం నా ఉద్యోగం. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో, తయారైన సామాను సరిగ్గా ఉందో లేదో చూసే సెక్షన్‌లో పని చేస్తాను. రోజంతా ఒక్కో ముక్కనూ దొంగను చూసినట్టు చూస్తాను. ఇంటికొచ్చాక ఆ చూపు మార్చుకోవడం నాకు చేతకాదు. పాలవాడి లీటరును నమ్మను, గ్యాస్ బండను ఊపి చూడనిదే తీసుకోను. అనుమానం పెనుభూతం అంటారు కదా, మా ఇంట్లో ఆ భూతానికి రేషన్ కార్డులో పేరు కూడా ఉందని మా ఆవిడ సరస అంటుంది.

మేముండేది కృష్ణగిరిలో. పోను యాభై కిలోమీటర్లు, రాను యాభై. పదకొండేళ్లు కంపెనీ బస్సులోనే తిరిగాను. ఎక్కగానే నిద్ర, దిగేటప్పుడు మెలకువ. ఆ దారిలో ఏముందని ఎవరైనా అడిగితే నా ముందు సీటు వెనక ఉన్న రెగ్జిన్ రంగు చెప్పగలను, అంతకుమించి తెలియదు. అలా హాయిగా నిద్రపోతున్నవాణ్ణి, మీ వైపు మనుషులు తగ్గిపోయారని చెప్పి కంపెనీ మూడేళ్ల క్రితం బస్సు ఆపేసి లేపింది.

ఇక కారు కొనక తప్పదు. పెట్రోలు కారైతే రోజుకు ఆరు వందలు గొట్టంలోంచి పోతాయి. కరెంటు కారైతే ధర ఎక్కువ, నెల కంతు ఎక్కువ, కానీ ఇంట్లో చార్జి పెట్టుకుంటే రోజుకు వంద లోపే. రోజూ ఇంత దూరం తిరిగేవాడికి అయిదేళ్లలో ధరలో తేడా పూడిపోతుందని హోసూరు షోరూంలో ఒకతను కాగితం మీద వేసి చూపించాడు. కారు అమ్మేవాడు వేసిన లెక్కను నేను నమ్ముతానా?

"సార్, చిన్న బండి కదా, వంద కిలోమీటర్లకు రమారమి సగం చార్జి అయిపోతాది," అన్నాడతను.

"నువ్వు చెప్తే సరా? నేనే నడిపి చూస్తా. ఈడనుంచి మా ఇంటి దాకా."

"మంచిది సార్. అట్లే ఆడనుంచి ఈడికి కూడా మీరే నడిపి చూసుకోండి."

"మళ్లా తిరిగొచ్చేదేంటికి? దారి అదే కదా! పోయేదానికి ఎంతో వచ్చేదానికీ అంతే. నేనేమన్నా లెక్క తెలీనోడినా?"

అతను ఏదో చెప్పబోయాడు. నా మొహం చూసి మానుకున్నాడు. ఆ పుణ్యాత్ముడు ఆ రోజు నోరు తెరిచి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు. పక్కన అతన్ని కూర్చోబెట్టుకుని మా ఇంటి ముందు దిగేసరికి చార్జి వందలో పదిహేడు ఖర్చయింది. బండి అతనికిచ్చి పంపేశాను. పదిహేడు రెళ్లు ముప్పై నాలుగు. సగం అన్నాడే! అమ్మేవాడు ఎక్కువ చేసి చెప్పడం చూశాను గానీ తన సరుకును తానే తక్కువ చేసి చెప్పేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను, ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను.

"ఏమయ్యా, అమ్మేవాడే అంత అయిపోతాదని చెప్తా ఉంటే, కొనేవాడివి అంత కాదని నువ్వు కొట్లాడేదేంది?" అంది సరస.

"నేను కంటితో చూసినాను."

"కంటితో చూసే కదా నన్ను కూడా చేసుకునింది. ఇప్పుడు రోజూ తప్పులు పడ్తా ఉండావే!"

కారు వచ్చింది. కారుతో పాటు మా బావ కూడా వచ్చాడు. మునిరత్నం బావ సరసకు అన్న. మనిషి నిండుగా ఉంటాడు, మనసు అంతకన్నా నిండుగా ఉంటుంది. హోసూరు పక్కనే మూకండపల్లి దగ్గర వేరే ఫ్యాక్టరీలో పని. పొద్దున నాతో వస్తానన్నాడు. సాయంత్రం అతని షిఫ్టు నాలుగింటికే అయిపోతుంది, నాది ఆరింటికి, కాబట్టి వచ్చేటప్పుడు బస్సు. నేను అడక్కుండానే నెలకు రెండు వేలు ఇస్తానన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోనిదే మా వైపు బిడ్డకు చెవులు కుట్టరు. మా పాపకు ఉన్న ఒక్క మేనమామా ఈయనే. ఆ నెలాఖరు ఆదివారానికి ముహూర్తం పెట్టుకుని, చెవులు కుట్టే ఆచారికీ చుట్టాలకూ చెప్పేశాం.

మొదటి సోమవారం బావతో బయల్దేరాను. హోసూరు చేరేసరికి ముప్పై నాలుగు ఖర్చయింది. సాయంత్రం ఒక్కణ్ణే వచ్చాను, పదిహేడు. మంగళవారం పొద్దున ముప్పై నాలుగు, సాయంత్రం పదిహేడు. బుధవారమూ అంతే. జేబు పుస్తకంలో రాసి తీసివేత వేశాను. పొద్దున అదనంగా పదిహేడు పోతోంది, అంటే ఇంటి బిల్లులో ముప్పై రూపాయలు. పొద్దున కారులో అదనంగా ఉన్నది ఏమిటి? మా బావ! నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఆ నాలుగో కాలు తిన్నది బావే అని తేల్చేశాను.

గురువారం నుంచి ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను బావ మీద. ఎక్కగానే ఆయన ఫోను తీసి కారులో చార్జికి పెట్టాడు.

"బావా, అది ఇంట్లోనే పెట్టుకోని రాకూడదా?"

"ఏంటికప్పా, ఈడ పెడితే ఏమి?"

"కారు తాగే కరెంటు కదా అది."

"ఫోను ఎంత తాగుతాదప్పా, అదేమన్నా కుడితి తాగే ఎనుమా?"

అయినా తీసేశాడు. ముప్పై నాలుగే అయింది. శుక్రవారం ఏసీ ఆపేశాను. అసలే మే నెల. బావ టవల్‌తో మొహం తుడుచుకుంటూ, అద్దం దించుకుని, లారీల దుమ్మంతా మింగుతూ వచ్చాడు. ముప్పై మూడు! ఒకటి తగ్గింది! నాకు హుషారు వచ్చింది. శనివారం ఆయన భోజనం క్యారియరు మీద పడ్డాను.

"ఎన్ని గిన్నెలు బావా అది?"

"నాలుగు."

"రాగిముద్ద ఉండాదా?"

"ఉండాది. కావల్నా?"

"వద్దులే. ముద్ద బరువు కదా. చపాతీలైతే తేలిగ్గా ఉంటాయి, చూడు."

బావ నావైపు అదోలా చూశాడు. అంతవరకూ ఆ కారులో అనుమానపు చూపు నా ఒక్కడి సొత్తు. ఆ రోజు ఆయనకూ అంటించాను.

ఇక మిగిలింది మనిషి బరువు. ఆ వచ్చే సోమవారం, చెవులు కుట్టడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, నా బుద్ధి పూర్తిగా గడ్డి తింది. మామిడి కాలం కదా, ఊరి చివర మండీల ముందు లోడు దించుతున్నారు. ఒక మండీ ముందు కారు ఆపాను.

"ఈడ ఏంటికి ఆపినావప్పా?"

"టీ తాగుదాం బావా. టీ వచ్చేలోగా సుమ్మనే, తమాషాకు, దాని మీద ఒక నిముషం నిలబడు."

"దేని మీద?"

"ఆ కాటా మీద."

మంచి మనిషి. తమాషా అనుకుని నవ్వుతూ ఎక్కాడు. మండీలో తూకం వేసేవాడికి అంకె గట్టిగా అరవడం అలవాటు. "తొంభై ఏడూ!" అని వీధంతా వినపడేలా అరిచి, తలెత్తి చూసి, "ఏం రకమన్నా ఇది? తోతాపురినా?" అన్నాడు. హమాలీలు బుట్టలు దించి మరీ నవ్వారు. బావ కూడా నవ్వాడు. అక్కడితో ఊరుకుని ఉంటే బతికిపోయేవాణ్ణి. నేను పుస్తకం తీసి తొంభై ఏడు అని రాసుకున్నాను.

బావ నవ్వు ఆగిపోయింది. "ఏం రాస్తా ఉండావప్పా?"

"ఏం లేదు బావా. నువ్వు నెలకు రెండు వేలిస్తానన్నావు కదా. బరువు లెక్కన రోజుకు ముప్పై కలిపి, ఇరవై అయిదు దినాలకు చూస్తే రెండు వేల ఏడు నూర్ల యాభై అవుతాది."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పుడు చెబుతుంటే నా చెవులే మండుతున్నాయి. బావ కాటా దిగాడు. కారులోంచి క్యారియరు తీసుకున్నాడు.

"అప్పా, పాప చెవులు కుట్టే దినానికి ఈ మండీనుంచి ఒక క్రేటు తెప్పించుకో. దాని మీద కూర్చోబెట్టి కుట్టించు. నా తొడ మీదైతే నీకు బిల్లు ఎక్కువైపోతాది," అని బస్టాపు వైపు నడిచిపోయాడు.

మీరైతే వెనకాల పరిగెత్తి కాళ్లు పట్టుకునేవాళ్లు. నేనేం చేశానంటే, సరే, ఇవాళ పదిహేడే అవుతుంది చూడు, అనుకుంటూ కారెక్కాను. హోసూరులో దిగి చూస్తే ముప్పై మూడు! బావ దిగాడు గానీ బావ బరువు దిగలేదా? సీటు కింద వెతికాను, డిక్కీ తీశాను, దొరికింది ఒక గొడుగు. అది పదిహేడు తాగదని నాకు కూడా తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వార్త నాకన్నా ముందే వచ్చేసింది. సరస కంచం ముందు పెట్టి, గరిటె పట్టుకుని నిలబడింది.

"ఎన్ని గ్రాములు పెట్టల్ల నీకు?"

"సరసా, అది కాదు..."

"మాట్లాడొద్దు! చిన్నప్పుడు నన్ను బుజాల మీద ఎక్కించుకోని తిరిగినోడు మా అన్న. ఒక్క దినమన్నా నా బరువు అడిగినాడా? ఆదివారం మా అన్న రాకపోతే పాపను ఎత్తుకోని నేనే ఆడికి పోతా. చెవులు ఆడనే కుట్టిస్తా. నువ్వు ఈడ నీ కారుకు కుట్టించుకో."

భయమేసింది, నిజంగా భయమేసింది. తను అన్నంత పనీ చేసే మనిషి.

మర్నాడు మా నాయన, ఆదివారం విందు వంటకని చింతపండు తీసుకుని ఊరినుంచి వచ్చాడు. ఇప్పటికీ సేద్యం చేస్తాడు, బడికి పోయింది అయిదో తరగతి దాకా. ఆయన ముందు పుస్తకం తెరిచి గోడు వెళ్లబోసుకున్నాను.

"పొద్దున యాడికి పోతావురా నువ్వు?" అన్నాడు అంతా విని.

"హోసూరుకు."

"హోసూరు యాడుండాది?"

"యాభై కిలోమీటర్ల దూరంలో."

"దూరం కాదురా నేనడిగేది. పైనుండాదా, కిందుండాదా?"

నేను జేబు పుస్తకం తిరగేశాను, అందులో పైనా కిందా లేవు.

"నేను మోపెడ్ మీద చింతపండు మూట కట్టుకోని హోసూరు సంతకు పోతా ఉంటే, శూలగిరి తట్టు ఎక్కలేక దిగి తోసేవాణ్ణి. వచ్చేటప్పుడు ఇంజను ఆపేసి జర్రున జారుకుంటా వచ్చేవాణ్ణి, పెట్రోలు మిగిల్తాదని. హోసూరు మిద్దె మీదుంటే కృష్ణగిరి వాకిట్లో ఉండాదిరా! చలికాలంలో డ్యూటీకి స్వెట్టరు ఏంటికి ఏసుకోని పోతావు?"

"ఆడ చలి కదా నాయనా."

"ఆడే చలి ఏంటికి? ఈడ లేదేంటికి?"

పదకొండేళ్లు స్వెట్టరు వేసుకుని మరీ నిద్రపోయాను గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. షోరూం అతను తిరిగి కూడా నడిపి చూసుకోమన్నది ఇందుకే. నేను పరీక్ష పెట్టింది దిగుడులో, బతకవలసింది ఎక్కుడులో! మా నాయన మాత్రం కండువా నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

గురువారం బావ ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"బావా, తప్పయిపోయింది. హోసూరు ఎత్తులో ఉండాదంట."

"ఉండాదంట ఏందప్పా? ఉండాది. అందరికీ తెలుసు."

"నీకు తెలుసా? మరి నాకేంటికి చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా? ఫోను తీయమన్నావు, తీసినా. ఏసీ ఆపినావు, చెమట్లు కార్చుకున్నా. ముద్ద మానుకోమన్నావు, దానికీ గమ్మనున్నా. నీకేదో కష్టం వచ్చింది, నోరు తెరిచి చెప్పుకోలేక ఉండావు అనుకున్నానప్పా. నాకేం తెలుసు, నన్ను తూచేదానికని!"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెప్పులు విడిచి ఆయన కాళ్లకు వంగబోతే పట్టుకుని లేపాడు. లేపి, ఒక షరతు పెట్టాడు.

"శనివారం సాయంత్రం ఆరింటి దాకా నీకోసం కాచుకోనుంటా. ఇద్దరం కలిసి కిందికి దిగుదాం. ఆ పుస్తకం మర్చిపోవద్దు."

దిగాం. ఏసీ వేశాను, ఆయన ఫోను చార్జికి నేనే పెట్టాను. ఇంటి ముందు కారు ఆపి చూస్తే ఖర్చయింది పదహారు.

"నీ ఒక్కడికి ఎంతప్పా అయ్యేది?"

"పదిహేడు."

"మరి ఈ దినం పదహారేంటికి వచ్చింది? దిగుడులో బరువు బండిని తోస్తాది. చక్రాలు తిరిగి బ్యాటరీకి చార్జి ఎక్కుతాది. ఎవరి బరువది? నాది. మా ఇంటామె పెట్టిన ముద్దది. రాయి, నాకు ఒకటి జమ!"

పుస్తకం తీసి ఒకటి జమ రాశాను. మర్నాడు ఆదివారం.

బావ కొత్త పంచె కట్టుకుని అందరికన్నా ముందే వచ్చి పీట మీద కూర్చున్నాడు. సరస పాపను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. ఆచారి బంగారు తీగ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు బావ చెయ్యెత్తి ఆయన్ని ఆపి, చుట్టాలందరి ముందూ నన్ను పిలిచాడు.

"అప్పా, ఒక మాట తేల్చి చెప్పు, తర్వాత తగాదా వద్దు. ఇప్పుడు ఈ బిడ్డ బరువు నీ లెక్కలోకా, నా లెక్కలోకా?"

పందిరి ఎగిరిపోయేంత నవ్వు. ఆ గోలలోనే ఆచారి రెండు చెవులూ కుట్టేశాడు. పాప ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, పొగ అని చెప్పాను.

సోమవారం నుంచి బావ మళ్లీ నా పక్క సీటులో ఉన్నాడు, నాలుగు గిన్నెల క్యారియరుతో సహా. కారు షోరూం అతను చెప్పినట్టే సగం తాగుతోంది, అయినా గిట్టుబాటవుతోంది, బావ ఇచ్చే రెండు వేలు పైమాట. కాబట్టి సభాముఖంగా చెంపలు వాయించుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నిద్రపోయి తిరిగిన ఏ దారికీ లెక్క కట్టను, పక్కన కూర్చున్న ఏ మనిషినీ ఈ జన్మలో తూచను, అనుమానమనేది ఫ్యాక్టరీ గేటు దాటి ఇంటికి తీసుకురాను.

ఆ పదహారు మాత్రం వెనక గాలి వల్ల వచ్చిందేమోనని నా అనుమానం. బావకు చెప్పకండి.