పచ్చరంగు కింద చెక్క

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు ఇరవై ఏళ్లు. కొల్లేటి పక్క ఊళ్లో మాకు మిగిలిన గొప్పల్లా తాతగారు చేయించిన టేకు కిటికీలే.

వరద నీరు తీశాక ఒక కిటికీ రెక్క ఊడిపోయింది. గుండుగొలను నుంచి వడ్రంగి వీరాచారిని పిలిపించాను. నాన్నగారు బతికుండగా ఆ కిటికీలు బాగుచేసిందీ ఆయనే. పాత రంగు గీకమన్నాను.

"వద్దండీ, ఇలాగే బిగించేస్తాను" అన్నాడు.

ఉలి లాక్కుని నేనే గీకాను. పచ్చరంగు కింద మామిడి చెక్క! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, మా టేకు ఎవరింటికి చేరవేశావు? దొంగా!" అని వీధివాళ్లంతా వినేలా అరిచి, ఉలి బయటికి విసిరేశాను. ఆయన తల వంచుకుని, కింద రాలిన రంగు పెచ్చులు ఏరసాగాడు.

అమ్మ గదిలోంచి వచ్చింది.

"ఉలి తెచ్చి ఆయన చేతికియ్యి. నీ కాలేజీ జీతం కట్టడం కోసం మీ నాన్నగారే ఆ రెక్కలు తాడేపల్లిగూడెంలో అమ్మించారు. నీకు చెప్పనని ఈయన చేత ఒట్టు వేయించుకున్నారు. ఆయన పోయినా ఈయన మాట తప్పలేదు."

అందరూ చూస్తుండగా ఉలి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని తుడుచుకుని, రెక్క బిగించి, "వస్తానండీ బాబుగారూ" అని వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆయన దొంగ కానందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. క్షమించమని అడగలేదు. వీరాచారి పోయి చాలా ఏళ్లయింది. నా మీద నాకు కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.