బోనుబావ ఈల

బోనుబావకు ఆ పేరు పెట్టింది ఆయన బావమరిది. వీధి దాన్నే ఖాయం చేసింది. పార్కులో కుందేళ్ళను పట్టి, ఊరవతల కంచె వేసిన ఆశ్రయానికి పంపడం ఆయన ఉద్యోగం. ఆ కుందేళ్ళు ఈ నేలవి కావు. ఎవరో మహానుభావుడు పెంచుకుందామని పరదేశం నుంచి ఓ జంటను తెచ్చి, మోజు తీరాక పార్కులో వదిలి చేతులు దులుపుకున్నాడు. అవి ఊరుకుంటాయా? ఇప్పుడు బెంచీ కింద బొరియ, ఉయ్యాల కింద బొరియ. నడకకొచ్చిన పెద్దమనుషులు మోకాళ్ళ దాకా దిగబడుతున్నారు.

బోనులో క్యారెట్లు పెడుతూ ఈల వేయడం బావకు అలవాటు. ఈల వినబడితే తిండి వచ్చినట్టేనని కుందేళ్ళకు తెలిసిపోయింది. వాటంతటవే వచ్చి బోనులో కూర్చునేవి. "తిండి కనబడితే చాలు, తలుపెటుందో చూసుకోవు, పిచ్చి జీవాలు!" అని ఆయన రోజూ ఇంటికొచ్చి భార్యకు చెప్పేవాడు.

ఒక్క బూడిదరంగు బొద్దు కుందేలు మాత్రం చిక్కేది కాదు. మెడ మాత్రం లోపలికి చాచి, క్యారెట్టు లాక్కుని పోయేది. దాని గంభీరమైన ముఖం చూసి బావ దానికి 'మామగారు' అని పేరు పెట్టుకున్నాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇంట్లో చెప్పకూడని కాలం కూడా అది. కూరగాయల పోటీ దగ్గరపడింది. కిందటేడు తోడికోడలి చేతిలో ఓడిపోయిన భార్య, ఈసారి పెరట్లో బిందెంత క్యాబేజీ పెంచింది. ఆమె గెలిస్తే చూడాలని బావకూ ఎంతో ఆశ.

"ఏవండీ, ఇంటి చుట్టుపక్కల ఈల వేశారంటే మిమ్మల్నే బోనులో పెడతాను," అని ఆమె ముందే చెప్పింది.

పోటీకి ముందురోజు మామగారు బోనులో పడింది! దాన్ని ఆశ్రయం బండి ఎక్కించి, తలుపుకు నూనె వేద్దామని బావ ఖాళీ బోనును తోపుడుబండి మీద ఇంటికి తెచ్చాడు. ఒకప్పుడు ఊరపందుల కోసం చేయించిన పెద్ద బోను అది. సంతోషంతో బావ కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ఈల దానంతటదే వచ్చేసింది. దర్జీ కుట్టు ఆపి నవ్వాడు. మంగలి కత్తి పట్టుకునే బయటికి వచ్చాడు. తన ఘనత వీధంతా పాకిందనుకుని బావ ఇంకా గట్టిగా వేశాడు.

గేటు దగ్గర వెనక్కి తిరిగితే, పార్కు పార్కంతా వెంట వచ్చి ఉంది. బావ "హుష్!" అనేలోపే ఆయన కాళ్ళ సందుల్లోంచి పెరట్లోకి దూరిపోయింది.

క్యాబేజీ మొదలు మాత్రం మిగిలింది.

భార్య ఆ మొదలును ఓసారి చూసి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. తిట్టినా బాగుండేదని బావకు ఏడుపొచ్చింది. కాసేపటికి ఆమె పళ్ళెం నిండా వేడివేడి భోజనం తెచ్చి, వంగి, బండి మీంచి దించిన బోను లోపలి చివరకు తోసింది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదుగా. తినండి."

ఎంత మంచి మనసు! బావ కరిగిపోయి, కళ్ళు తుడుచుకుంటూ పాకి లోపలికి వెళ్ళాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే వెనక దడేల్‌మంది.

"తలుపెటుందో చూసుకోలేదేమండీ?" అని, ఆమె ఈల వేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది.