పందిరి ద్రాక్ష, పక్క చేని పత్తి

2019 నవంబరు. అప్పుడు నేను కరీంనగర్‌లో ఉద్యాన అధికారిని. చొప్పదండి దగ్గరి ఒక ఊరి నుంచి రాజిరెడ్డి అనే రైతు ఫోన్ చేశాడు.

"మేడం, మా ద్రాక్షతోటకు మందు గొట్టిండ్రు. ఎవరో నాకు ఎర్కే. మీరొచ్చి రాసిస్తె పోలీస్ స్టేషన్‌కు పోత."

మా వైపు ద్రాక్ష అరుదు. వేసినవాళ్లు ఏటా రెండుసార్లు ప్రూనింగ్ చేస్తారు, అంటే తీగలు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కొమ్మ బలానికి, అక్టోబరులో కాయకు. ఆ రెండో కత్తిరింపు తర్వాత వచ్చే చిగుళ్లలోనే పూగుత్తులు ఉంటాయి. ఆ చిగురు చెడితే ఆ ఏటికి పంట లేనట్టే.

పందిరి కింద నిలబడి చూశాను. ఆకులు విసనకర్రల్లా ముడుచుకున్నాయి. అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి, కొనలు మెలితిరిగాయి. ఇది తెగులు కాదు, 2,4-డి అనే కలుపు మందు దెబ్బ. మక్కచేలో, అంటే మొక్కజొన్నలో, వెడల్పాకు కలుపును చంపడానికి కొడతారు. మక్కకు ఏమీ కాదు. ద్రాక్షకు మాత్రం కాస్త సోకినా చాలు.

"సామెల్ పనే," అన్నాడు రాజిరెడ్డి, కంచె అవతలి పత్తిచేను చూపిస్తూ. "పోయిన వారం పొద్దుగాల కంచె పొంటి మందు పంపు ఈపుకు ఏసుకొని తిరిగిండు. నా కండ్లతోని చూసిన. ఊర్ల గూడ అందరికి చెప్పిన."

"ఆయనకు మీమీద కోపం ఎందుకు?"

"ఏటా వాళ్ల చర్చిల ప్రార్థనప్పుడు ఇచ్చే రసానికని పండ్లు కొనుకపోయేటోళ్లు. పోయినసారి నేను ఇయ్యలే. వైన్ చేసి అమ్ముకుంటుండ్రని ఊర్ల అన్న."

సామెల్ ఇంటికి వెళ్లాను. ఆయనగానీ, భార్య రూతమ్మగానీ కూర్చోమనలేదు. పంపు గోడవారగా ఉంది.

"కంచె దగ్గర ఏం కొట్టారు?"

"పత్తికి పచ్చదోమ మందు."

"డబ్బా చూపిస్తారా?"

"చూపిస్తె రాజిరెడ్డి పటేల్ నమ్ముతడా మేడం? ఇంకో డబ్బా దాసిపెట్టిండంటడు." అక్కడినుంచి కదలలేదు.

ఆ మొండితనం చూసి నాకూ అనుమానం బలపడింది. రూతమ్మ మాత్రం ఊరుకోలేకపోయింది. "మా చర్చిల వైన్ వాడరు మేడం. రసం పిండంగనే కాగబెడ్తం, పొంగనియ్యం."

ఆమె చెప్పిన దాంట్లో తప్పు లేదు. ద్రాక్ష తోలు మీద ఈస్ట్ అనే కంటికి కనిపించని జీవి ఉంటుంది. పండ్లు పిసికి వదిలేస్తే అది రసంలోని తీపిని తింటూ నురగలు పొంగిస్తుంది, తీపి ఆల్కహాల్‌గా మారుతుంది. అదే వైన్. వెంటనే కాగబెడితే ఈస్ట్ చస్తుంది, రసం రసంగానే ఉంటుంది. అయినా ఆ మాట మందు సంగతి తేల్చదు కదా.

తిరిగి వస్తూ కంచె దగ్గర ఆగాను. సామెల్ పత్తి ఆకు నిండుగా, పచ్చగా ఉంది. 2,4-డికి పత్తి కూడా ద్రాక్షంత సుకుమారం. కంచె వెంట ఆ మందే కొట్టి ఉంటే ముందు చెడేది సామెల్ పత్తే. పైగా రాజిరెడ్డి తోటలో కంచె వైపు దెబ్బ తక్కువ, దానికి ఎదురుగా ఉన్న గేటు వైపు ఎక్కువ. తోటలో ఉన్న రాజిరెడ్డిని పిలిచి అడిగాను.

"మీరు మందు కొట్టడం ఎటునుంచి మొదలుపెడతారు?"

"గేటుకాడికెల్లి. పది దినాల కింద బూజు తెగులుకు మందు గొట్టిన."

"మీ పంపుతోనేనా?"

"అది ఖరాబైతె బామ్మర్దిది తెచ్చిన."

"ఆయన పంట ఏంటి?"

రాజిరెడ్డి గేటు వైపు తిరిగి చూశాడు. వెనక నుంచి ఆయన భార్య లక్ష్మి అంది, "మక్క."

బామ్మర్దికి అక్కడే ఫోన్ చేశారు. కలుపు మందు కొట్టి, పంపును ఉత్త నీళ్లతో ఒకసారి కడిగి ఇచ్చానన్నాడు. ఆ మందు ఒక్క కడుగుతో పోదు. ట్యాంకులో, పైపులో మిగిలింది మొదటి ట్యాంకుతో గేటు వరుసల మీద పడింది. తర్వాతి ట్యాంకులకు పలచబడింది.

రాజిరెడ్డి ఫోన్ పెట్టేశాడు. నన్ను వెంటబెట్టుకుని సామెల్ ఇంటికి నడిచాడు. "తప్పైంది సామెల్. నేను తెచ్చిన పంపులనే ఆ మందు ఉండె," అన్నాడు.

సామెల్ ఆయన ముఖంలోకి చూడలేదు. "నా పేరు ఊరంత చెప్పినవు గద పటేలా. గిది గూడ ఊరంత చెప్పు."

మర్నాడు ఆ ఊరి పాలకేంద్రం దగ్గర, అందరూ క్యాన్లతో నిలబడి ఉండగా రాజిరెడ్డి చెప్పాడట. ఆ సంగతి లక్ష్మి ఫోన్ చేసి చెప్పింది.

ఆ ఏడు ఆ తోటలో ఒక్క గుత్తీ దిగలేదు. ఏప్రిల్ కత్తిరింపుకు తీగలు తేరుకున్నాయి. ఆ తర్వాత నేను ఏ చేనుకు వెళ్లినా చెడిన మొక్కకంటే ముందు, దాని పక్కన చెడకుండా నిలిచిన మొక్కను చూస్తున్నాను. సామెల్ చూపించనన్న డబ్బా కోసం పట్టుబట్టి ఉంటే, పచ్చగా నిలబడ్డ ఆ పత్తి నా కంటికి ఆనేది కాదు.